ఈ ఏడాదికి విత్తనం పక్కన పెట్టుకుందాం

(ఏజెన్సీ ఆదివాసీ విద్యార్థి, యువజనుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అన్నలారా, అక్కలారా, తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా. పొద్దున్నుంచి కూర్చున్నారు, చలిలో నడిచి వచ్చినోళ్ళు కూడా ఉన్నారు. అందుకని సూటిగా విషయంలోకి వస్తాను. కొత్త సంవత్సరంలో మన లక్ష్యాలు ఎట్లా ఉండాలో మాట్లాడమని నాకు చెప్పారు.

జనవరి ఒకటి మన పండుగ కాదని పెద్దలు అంటారు. నిజమే. మన ఏడాది భూమి పండుగతో, విత్తనాల పండుగతో మొదలవుతుంది. కొత్త పంట చేతికొచ్చినప్పుడు కొత్తల పండుగ చేసుకుంటాం. గోండు సోదరులు పుష్య మాసంలో కెస్లాపూర్ నాగోబా దగ్గర కలుస్తారు. క్యాలెండర్ మారితే ఏడాది మారిందని అనుకునే అలవాటు మనకు బడి నుంచి వచ్చింది.

అయినా ఈ నాలుగు రోజుల్లో మన చరిత్ర కూడా ఉంది. 1948 జనవరి 1న, ఇప్పటి జార్ఖండ్‌లోని ఖర్సావాఁలో సంత రోజు. తమ ప్రాంతాన్ని ఒడిశాలో కలపొద్దని అడగడానికి వేలమంది ఆదివాసులు అక్కడ చేరితే వాళ్ళమీద తుపాకులు పేల్చారు. ఎంతమంది పోయారో ఈ రోజుకీ ఒక లెక్క తేలలేదు. అక్కడివాళ్ళకు జనవరి ఒకటి అమరుల దినం. 2006 జనవరి 2న ఒడిశాలోని కళింగనగర్‌లో ఉక్కు ఫ్యాక్టరీకి భూమి ఇవ్వబోమన్న ఆదివాసుల్లో పదిమందికి పైగా పోలీసు కాల్పుల్లో చనిపోయారు. 2007 డిసెంబర్ 31న అటవీ హక్కుల చట్టం అమల్లోకి వచ్చింది. మరుసటి రోజు, 2008 జనవరి 1న, దాని నియమాలు వచ్చాయి. జనవరి 3 జైపాల్ సింగ్ ముండా పుట్టినరోజు. 1928 ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన భారత హాకీ జట్టు కెప్టెన్, ఆ తర్వాత రాజ్యాంగ సభలో నిలబడి ఆదివాసుల తరఫున మాట్లాడినవాడు.

కాబట్టి ఈ వారం కేకు కోసే వారం అని మాత్రమే అనుకోవద్దు. మన పెద్దలు ఏం కోరుకున్నారో, దానికి ఏం పెట్టారో గుర్తు చేసుకునే వారం కూడా. మరి మనం ఏం కోరుకుంటున్నాం?

డిసెంబర్ 31 రాత్రి మనోళ్ళ స్టేటస్‌లు చూడండి. "ఈ ఏడాది జాబ్ కొట్టాల్సిందే." "మందు బంద్." "న్యూ ఇయర్, న్యూ మీ." సంక్రాంతి నాటికి స్టేటస్ మారుతుంది. మందు మారదు. దానికి కారణం మనకు పట్టుదల లేకపోవడం అని నేను అనుకోను. ఎర్రటి ఎండలో తునికాకు కోసేవాళ్ళకు, నెలల తరబడి వంగి మిరపకాయ ఏరేవాళ్ళకు పట్టుదల లేదని ఎవరంటారు? మనం పెట్టుకున్న లక్ష్యమే సరిగా లేదు. అది ఇంకొకరి జీవితం నుంచి తెచ్చుకున్నది. దానికి తేదీ లేదు, సాక్షి లేడు.

ఉద్యోగం సంగతే తీసుకుందాం. షెడ్యూల్డ్ ఏరియాలో టీచరు పోస్టులన్నీ స్థానిక ఎస్టీలకే అని 2000 జనవరిలో జీవో నంబరు 3 వచ్చింది. దాన్ని నమ్ముకుని ఎంతోమంది బీఈడీలు, టీటీసీలు చేశారు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేసింది. ఒక్క తీర్పుతో ఎన్ని ఇళ్ళల్లో లక్ష్యాలు కూలిపోయాయో మీకు తెలుసు. ఆ జీవోకు బదులు చట్టబద్ధమైన రక్షణ కావాలని మనం అడుగుతూనే ఉండాలి. అది ఉద్యమం పని. కానీ ఒక యువకుడి, ఒక యువతి ఏడాది మొత్తం ఒక నోటిఫికేషన్ మీద వేలాడకూడదు. నోటిఫికేషన్ ఎప్పుడు వస్తదో మన చేతిలో లేదు. రోజుకు రెండు గంటలు చదవడం, ఆదివారం ఒక పాత ప్రశ్నపత్రం రాసి దిద్దుకోవడం మన చేతిలో ఉంది. "జాబ్ కొట్టాలి" అనేది కోరిక. "మార్చి ఆఖరుకు ఇరవై ప్రశ్నపత్రాలు రాస్తా, మా అక్క దిద్దుతుంది" అనేది లక్ష్యం.

అందుకే ఏ లక్ష్యం పెట్టుకున్నా మూడు ప్రశ్నలు అడగండి. ఒకటి, ఇందులో నా చేతిలో ఉన్న పని ఏది? రెండు, ఎప్పటిలోగా, చూసేది ఎవరు? మూడు, ఇది జరిగితే నాతోపాటు ఇంకెవరికి మేలు? మూడో ప్రశ్న పట్నం పుస్తకాల్లో ఉండదు. అక్కడ మనిషి ఒక్కడే పైకి వెళ్ళాలి. మనకు ఊరు ఉంది, గోత్రం ఉంది, గట్టు ఉంది. ఒక్కడు పైకి వెళ్ళి కింద భూమి పోతే, ఆ వెళ్ళినవాడు తిరిగి రావడానికి చోటే ఉండదు.

ఇంకో మాట. మన ఇళ్ళల్లో ఎంత కరువొచ్చినా విత్తనం గింజలు వండుకోరు. పంట రాగానే ముందు విత్తనం తీసి పక్కన పెట్టి, మిగిలిందే తింటారు. టైమ్ విషయంలో, డబ్బు విషయంలో మనం దీనికి తిరగేసి చేస్తున్నాం. అన్నీ అయ్యాక మిగిలితే చదువుదాం, మిగిలితే దాచుదాం అంటున్నాం. ఎప్పుడూ ఏమీ మిగలదు. అవ్వ విత్తనం దాచినట్టే రోజులో ఒక గంటను ముందే తీసి పక్కన పెట్టండి.

ఇప్పుడు ఐదు పనులు చెప్తాను. ఐదూ చెయ్యమనడం లేదు. వినండి, ఏవి తీసుకోవాలో చివర్లో చెప్తాను.

మొదటిది, ఇంట్లో ట్రంకు పెట్టె తెరవడం.

ప్రతి ఇంట్లో ఒక పెట్టె ఉంటది, లేదంటే చూరులో చెక్కిన పాలిథిన్ కవరు. పట్టా, పాసుపుస్తకం, కులం సర్టిఫికెట్, ఎప్పుడో ఇచ్చిన దరఖాస్తు రసీదు అన్నీ అందులోనే. అందులో ఏముందో ఇంట్లో చదువుకున్న పిల్లలకే తెలియదు. ఈ జనవరి 26లోగా అన్నీ బయటికి తీసి, ఒక్కొక్కటి చదివి, ఫోటో తీసి, ఒక కాగితంమీద జాబితా రాయండి. పేరు ఒక్కోచోట ఒక్కోలా ఉందా? పట్టాలో రాసిన విస్తీర్ణం, సాగులో ఉన్న విస్తీర్ణం ఒకటేనా? అటవీ హక్కుల చట్టం ప్రకారం పెళ్ళయినవాళ్ళకు హక్కు పత్రం భార్యాభర్తలిద్దరి పేరుమీదా ఉండాలి. మీ ఇంట్లో పట్టామీద అమ్మ పేరు ఉందా? చూసి చెప్పండి.

దరఖాస్తు తిరస్కరించారంటే నోటిమాటతో సరిపోదు. కారణం రాసి, దరఖాస్తుదారుకు తెలియజేయాలి. గ్రామసభ తీర్మానం మీద అభ్యంతరం ఉంటే సబ్ డివిజన్ కమిటీకి, ఆ కమిటీ నిర్ణయం మీదైతే జిల్లా కమిటీకి వెళ్ళొచ్చు. ఏదైనా అరవై రోజుల్లోగా. ఈ అరవై రోజుల సంగతి తెలియకే ఎన్నో కుటుంబాలు ఊరుకున్నాయి. 2019 ఫిబ్రవరి 13న, తిరస్కరణకు గురైనవాళ్ళను అడవి నుంచి ఖాళీ చేయించమని సుప్రీంకోర్టు ఆదేశం ఇచ్చింది. దేశమంతా ఆదివాసులు కదిలాక ఫిబ్రవరి 28న అదే కోర్టు దాన్ని నిలిపింది. ఆ పదిహేను రోజులు మన పెద్దలు నిద్రపోలేదు. మన పెట్టెలో ఏ కాగితం ఉందో తెలిసుండటం అంత పెద్ద సంగతి.

రెండోది, చట్టాన్ని మనమే చదవడం.

పీసా చట్టం 1996లో వచ్చింది. అందులో ఉన్నది ఐదు సెక్షన్లు. అటవీ హక్కుల చట్టంలో పద్నాలుగు. రెండూ కలిపి పంతొమ్మిది. రోజుకు ఒకటి చదివితే నెల తిరక్కుండా రెండు చట్టాలూ అయిపోతాయి. మనం వెబ్ సిరీస్ అంతకన్నా తొందరగా చూస్తున్నాం. నాలాంటివాళ్ళ ఉపన్యాసం విని తృప్తిపడొద్దు. నలుగురు కూర్చుని గట్టిగా చదవండి, అర్థం కాని మాట దగ్గర ఆగండి, రాసుకోండి, తెలిసినవాళ్ళను అడగండి.

చదివాక గ్రామసభకు వెళ్ళండి. అటవీ హక్కుల నియమాల ప్రకారం గ్రామసభకు సభ్యుల్లో సగంమంది రావాలి, వచ్చినవాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. అటవీ హక్కుల కమిటీలో మూడింట రెండు వంతులకు తగ్గకుండా ఎస్టీలు, మూడో వంతుకు తగ్గకుండా ఆడవాళ్ళు ఉండాలి. ఇవి లేకుండా ఇంటింటికీ తిరిగి సంతకాలు తీసుకెళ్ళి "గ్రామసభ అయిపోయింది" అని రాసుకుంటే దాన్ని ప్రశ్నించడానికి చట్టం తెలిసిన ఒక్క పిల్ల చాలు. ఈ ఏడాది మీ ఊళ్ళో ఆ పిల్ల ఎవరు?

మూడోది, పెద్దల మాట రాసిపెట్టడం.

ఇది అన్నిటికన్నా తొందరగా చెయ్యాల్సింది, ఎందుకో చెప్తాను. పోడు భూమికి హక్కు రావాలంటే 2005 డిసెంబర్ 13 నాటికి ఆ భూమి మన స్వాధీనంలో ఉందని చూపాలి. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో చాలామంది అప్పటికి ఉయ్యాలలో ఉన్నారు. కొంతమంది పుట్టనే లేదు. ఆ రోజు ఆ చేనులో ఏ పంట ఉందో, ఆ చెట్లు ఎవరు నాటారో మీరు చెప్పలేరు. మీ తాత చెప్పగలడు. అటవీ హక్కుల నియమాల్లో సాక్ష్యాల జాబితా ఉంది. ఆ జాబితాలో, దరఖాస్తుదారు కాని పెద్దలు చెప్పి రాయించిన వాంగ్మూలం కూడా ఒక సాక్ష్యం. బడికి పోని మన పెద్దల మాటకు చట్టం విలువ ఇచ్చింది. రాసేవాళ్ళే లేరు. ఒక పెద్దాయన పోయాడంటే ఒక సాక్ష్యం పోయినట్టు.

అందుకని మార్చిలోగా ఊళ్ళో ముగ్గురు పెద్దల దగ్గర కూర్చోండి. పేరు, సుమారు వయసు, ఎవరి కాలంలో ఏ చేను కొట్టారు, హద్దు ఎక్కడ, ఏ వాగు, ఏ బండ, ఏ ఇప్పచెట్టు, పూర్వీకుల సమాధి రాళ్ళు ఎక్కడ ఉన్నాయి, పశువులు ఎటు మేసేవి, గడ్డలు, తేనె ఎక్కడ తెచ్చేవారు. చివరి మాటలు వ్యక్తిగత పట్టాకే కాదు, సామూహిక హక్కులకూ కావాలి. చదివి వినిపించండి, వేలిముద్ర గానీ సంతకం గానీ తీసుకోండి, ఇద్దరు సాక్షులను పెట్టండి. ఫోన్‌లో గొంతు కూడా రికార్డు చెయ్యండి.

రాసేటప్పుడు ఆ వాగు పేరు, ఆ చెట్టు పేరు మన భాషలోనే రాయండి. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో 22 భాషలున్నాయి. 2003లో సంతాలీ, బోడో అందులోకి వచ్చాయంటే ఆ ప్రజలు ఏళ్ళ తరబడి అడిగారు కాబట్టి. గోండీ లేదు, కోయ లేదు. అడగాలి. కానీ ఇంట్లో మాట్లాడని భాష కోసం ఢిల్లీలో ధర్నా చేస్తే ఏం బాగుంటది? వారానికి ఒక మొక్క పేరో, ఒక పిట్ట పేరో అవ్వ దగ్గర అడిగి రాసుకోండి. ఏడాదికి యాభై రెండు. హాస్టల్‌లో ఉండి మరిచిపోయినవాళ్ళకు అది మంచి మొదలు.

నాలుగోది, మన రక్తం సంగతి మనం తెలుసుకోవడం.

సికిల్ సెల్ మన ఆదివాసుల్లో ఎక్కువగా కనిపించే జబ్బు. చలికి, ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు ఎముకలు, కీళ్ళు పగిలిపోయేంత నొప్పి వస్తది. దాన్ని ఇంకా గాలి సోకింది, ఎవరో చేశారు అనే చోట్లు ఉన్నాయి. తల్లిదండ్రుల్లో ఇద్దరికీ ఆ లక్షణం దాగి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. లక్షణం దాగి ఉన్న మనిషి మామూలుగా, ఆరోగ్యంగానే ఉంటాడు. అందుకే పరీక్ష చేయించుకోకుండా తెలియదు. కేంద్ర ప్రభుత్వం 2023 జులై 1న సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. నలభై ఏళ్ళలోపు 7 కోట్లమందికి పరీక్షలు చేస్తామని చెప్పింది. మన పీహెచ్‌సీకి వెళ్ళి అడుగుదాం. లేదంటే ఎందుకు లేదని రాసి ఇచ్చి అడుగుదాం. ఉయ్యాల కట్టాక ఏడవడం కన్నా, పెళ్ళి మాటలకు ముందే ఇద్దరూ పరీక్ష చేయించుకోవడం మేలు. ఇందులో సిగ్గుపడేది ఏమీ లేదు. ఉందని తెలిసిన పిల్లకు పెళ్ళి కాకుండా చేసే మాటలు మాత్రం మనం మానాలి.

ఐదోది, ఫోనూ, అప్పూ, భూమీ.

మూడింటినీ కలిపి ఎందుకు చెప్తున్నానంటే అవి ఒకే తాడు. ఫోన్‌లో బెట్టింగ్‌తో మొదలవుతుంది. వెయ్యి పోతుంది, లోన్ యాప్‌లో ఐదు వేలు తీసుకుంటారు. అది కట్టడానికి ఊళ్ళో షావుకారు దగ్గరకు వెళ్తారు. షావుకారు చేను అడుగుతాడు. కాగితం ఉండదు, నోటిమాట. కొన్నాళ్ళకు మన చేనులో మనమే కూలికి మిరపకాయ ఏరుతాం. షెడ్యూల్డ్ ఏరియాలో భూమి గిరిజనేతరులకు బదిలీ అయితే చెల్లదని 1959 రెగ్యులేషన్, 1970లో వచ్చిన 1/70 సవరణ చెప్తున్నాయి. దానికోసం ఎంతమంది కొట్లాడారో మనకు తెలుసు. చట్టం ముందు తలుపు మూసింది. మన అప్పు వెనక తలుపు తెరుస్తోంది.

కాబట్టి ఈ లక్ష్యం ఇట్లా రాయండి. "ఈ ఏడాది బెట్టింగ్ యాప్, లోన్ యాప్ నా ఫోన్‌లో ఉండవు. వారానికి వంద రూపాయలు పొదుపు ఖాతాలో పడతాయి. మా ఇంటి భూమి ఒక్క కుంట కూడా అప్పు కింద బయటివాళ్ళ సాగులోకి పోదు." వంద పెట్టలేనివాళ్ళు యాభై పెట్టండి. సంత రోజు, కొనకముందే తీసి పెట్టండి. విత్తనం తీసినట్టు.

ఇక్కడ మన అన్నదమ్ములకు ఒక మాట చెప్పాలి. ఇక్కడున్న చెల్లెళ్ళు కూడా లక్ష్యాలు రాసుకుంటారు. కానీ నీళ్ళు తెచ్చేది వాళ్ళే, కట్టెలు తెచ్చేది వాళ్ళే, చంటిపిల్లను ఎత్తుకునేది వాళ్ళే. చెల్లికి రోజూ ఒక గంట చదువు కావాలంటే ఆ గంట పని ఇంకెవరో చెయ్యాలి. ఆ ఇంకెవరో మనమే. "రోజూ సాయంత్రం నీళ్ళు నేను తెస్తా" అని ఒక తమ్ముడు రాసుకుంటే, అది ఈ సమావేశంలో రాసిన గొప్ప లక్ష్యాల్లో ఒకటి అవుతుంది. మనం సమానత్వం గురించి బయట చాలా మాట్లాడతాం.

ఇప్పుడు చెప్తాను, ఎన్ని తీసుకోవాలో. రెండే. ఒకటి మీ కోసం, ఒకటి ఊరి కోసం. ఐదూ తీసుకుంటే ఒక్కటీ అవ్వదు.

తేదీలు మన పనుల ప్రకారం పెట్టుకోండి. జనవరి, ఫిబ్రవరిలో చలి మంటల దగ్గర పెద్దలు దొరుకుతారు. మాటలు రాయడానికి అదే టైమ్. మార్చి, ఏప్రిల్ ఇప్పపువ్వు, ఆ తర్వాత తునికాకు. అప్పుడు పెద్ద పనులు పెట్టుకోవద్దు, రోజుకు అరగంట చాలు. వేసవి సెలవుల్లో హాస్టల్ పిల్లలు ఇంటికొస్తారు. వాళ్ళతో కలిసి చట్టం చదవండి. జూన్‌లో వానలు పడితే చేను ముందు, మిగతావి తర్వాత. ఆగస్టు 9, ఆదివాసీ దినోత్సవం నాడు డోలు కొట్టడంతోపాటు ఎంతవరకు వచ్చామో లెక్క చూసుకుందాం. కొత్తల పండుగ నాటికి మిగిలింది పూర్తి చేద్దాం.

మధ్యలో ఆగిపోతుంది. ఇంట్లో ఎవరికో జ్వరం వస్తది, కూలికి దూరం పోవాల్సి వస్తది, పరీక్ష పోతది. అప్పుడు "ఈ ఏడాది అయిపోయింది, వచ్చే జనవరికి చూద్దాం" అనొద్దు. తొలకరికి చల్లిన గింజ ఎండకు మాడిపోతే మనోళ్ళు ఏం చేస్తారు? మళ్ళీ వాన పడ్డాక మళ్ళీ చల్లుతారు. చేను వదిలి ఎవరూ వెళ్ళిపోరు. ఏ నెలలో ఆగితే ఆ నెలలోనే మళ్ళీ మొదలుపెట్టండి.

నా మాట అయిపోయింది. మీ పక్కనున్నవాళ్ళ దగ్గర కాగితం అడగండి. రెండు లైన్లు రాయండి. ప్రతి లైను పక్కన ఒక తేదీ, ఒక సాక్షి పేరు. సాక్షి మీ ఊరి మనిషి అయితే మంచిది, రోజూ కనపడి అడుగుతారు. రాసినవాళ్ళు బయటికి వెళ్ళేలోపు ఒకరిది ఒకరు ఫోటో తీసుకోండి. ఆగస్టు 9న మళ్ళీ కలిసినప్పుడు ఇదే కాగితం చేతిలో పట్టుకుని ఒకరినొకరం అడుగుదాం.

ఈ ఏడాది చనిపోయే పెద్దల మాట ఒక్కటి కూడా రాయకుండా పోకూడదు. కనీసం అంత చేద్దాం.

జోహార్. జై ఆదివాసీ.